కాజాలక్క చిగుళ్ళు

చొక్కాకి గుండీ దూరే కన్నం ఉంటుంది చూడండి, దాన్ని కాజా అంటారు. దాని అంచు పోగులు ఊడిపోకుండా చుట్టూ చేత్తో కుట్టాలి. ఆ దర్జీ దుకాణంలో ఆ పని చేసేది ఒక్క మనిషే. అందుకే మాస్టరు దగ్గర్నుంచి బట్టలిచ్చి పోయేవాళ్ళ దాకా అందరికీ ఆవిడ కాజాలక్క. అసలు పేరు అడిగితే ఆవిడే కాసేపు ఆలోచించుకోవాలేమో. కాజాలు కుట్టే మిషన్లు వచ్చి ఎన్నాళ్ళో అయింది. అయినా మంచి గుడ్డ తెచ్చినవాళ్ళు "చేతికాజాలే వేయించండి" అనేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆవిడ తల ఎత్తకుండానే మురిసిపోయేది.

చేతి పక్కనే కత్తెర ఉంటుంది. అయినా సరే, దారం తెంపాలంటే పళ్ళే. "దేవుడు నీకు పళ్ళిచ్చింది దారాలు కొరకడానికేనా?" అనేవాడు మాస్టరు. "కత్తెర వెతుక్కునేలోగా ఇంకో కాజా అవుతుంది" అనేది ఆవిడ. చెప్పీ చెప్పీ ఆయనే ఊరుకున్నాడు.

ఒకరోజు తెల్లచొక్కా మీద, పై కాజా పక్కన, ఎర్రచుక్క కనబడింది. కుట్టుపనివాళ్ళకి ఇదేం కొత్త కాదు. సూది గుచ్చుకుంటుంది, గుడ్డకి నెత్తురంటుతుంది. ఎవరి నెత్తురు మీద వాళ్ళ ఉమ్మే రాసి రుద్దితే మరక వదిలిపోతుంది. దానికి మించిన సబ్బు లేదని ఆ దుకాణంలో అందరి నమ్మకం. కాజాలక్క కూడా అలవాటుగా వేలికి ఉమ్మి రాసుకుని రుద్దింది. చుక్క పోలేదు సరికదా, పెద్దదైంది. ఇంకాస్త ఉమ్మి పెట్టి ఇంకాస్త రుద్దింది. అది గుండీ అంత అయి కూర్చుంది.

"ఏ వేలికి గుచ్చుకుందక్కా?" అన్నాడు మాస్టరు.

ఆవిడ వేళ్ళన్నీ తిప్పి తిప్పి చూసుకుంది. ఎక్కడా గాటు లేదు. నాలుకతో పళ్ళ మొదళ్ళు తడుముకుంది. ఉప్పగా తగిలింది. రక్తం వేలిది కాదు, నోటిది. ఆవిడ గుండెలో రాయి పడింది.

ఆ ఉప్పదనం ఎక్కడికి దారి తీస్తుందో ఆవిడ ఇంట్లోనే చూసింది మరి. వాళ్ళమ్మకీ ఇలాగే మొదలైంది. తోముకుంటే రక్తం. "రక్తం వచ్చేచోట ముట్టుకోకూడదు, పుండు రేగుతుంది" అని ఆ తల్లి అటువైపు బ్రష్షు పోనివ్వడమే మానేసింది. చిగుళ్ళు జారాయి, పళ్ళు కదిలాయి, జుట్టు పూర్తిగా నెరవకముందే ఒక్కొక్కటీ రాలిపోయాయి. ఇప్పుడు కింద వరసలో ఏవో నాలుగు మిగిలాయి. అందరితో కలిసి తినడానికి సిగ్గుపడి, వంటింట్లో గోడవైపు తిరిగి తింటుంది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. "మన వంశంలో పళ్ళు నిలవవే" అని కూతురికి ఎప్పుడో చెప్పేసింది. కూతురు నమ్మింది. కొన్నాళ్ళుగా తనూ రక్తం కనబడ్డ కుడివైపు బ్రష్షు తగలకుండా జాగ్రత్తపడుతూనే ఉంది. ఆ గోడవైపు తిరిగి తినే వంతు తనకీ వచ్చేసిందనుకుంది.

"చొక్కా సంగతి నేను చూసుకుంటా. నువ్వు ముందు డాక్టరమ్మ దగ్గరికి పో" అని మాస్టరు తరిమినంత పని చేశాడు.

పళ్ళ డాక్టరమ్మ గది ఆ వీధి చివర మేడమీద ఉంది. ఆవిడ పుల్లంత సన్నటి ఉక్కు కొలబద్ద ఒకటి తీసుకుని, పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దించి చూస్తూ పోయింది. కాజాలక్క గట్టిగా కళ్ళు మూసుకుంది.

"ఎన్ని తీసెయ్యాలమ్మా?" అంది చివరికి.

"తియ్యడమా? ఎందుకు?"

"రక్తం వస్తోందిగా."

"చిగుళ్ళు వాచాయి, అంతే. పళ్ళ మొదట్లో పాచి చేరింది, గట్టిపడి గార కట్టింది. దాని మూలాన చిగురు ఎర్రబడి, తాకితే రక్తం వస్తోంది. లోపల ఎముక గట్టిగానే ఉంది. ఇంకా పాకెట్లు పడలేదు."

పాకెట్టు అనేసరికి కాజాలక్క కళ్ళు తెరిచింది. కుట్టుపని మాట కదా. "జేబా?"

"జేబే. చిగురు పంటిని వదిలేస్తే మధ్యలో జేబులా సందు పడుతుంది. అందులో మురికి దిగితే ఎముక కరుగుతుంది. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. మీరింకా అంతదూరం పోలేదు. ఇక్కణ్ణుంచి వెనక్కి రావచ్చు."

"వెనక్కంటే?"

"ముందెలా ఉండేవో అలా."

కాజాలక్క నోరెళ్ళబెట్టింది. ఎలాగూ తెరిచే ఉంది కాబట్టి డాక్టరమ్మకి తేడా తెలియలేదు. కాజాలక్క బతుకంతా కత్తెర పక్కన గడిచింది. అడ్డంగా తెగిన గుడ్డ మళ్ళీ అతుక్కోవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. "అంటే కత్తెర పడలేదు, నలిగిందంతేనా?" అని మళ్ళీ అడిగింది.

"అంతే. గార నేను తీస్తాను. ఇస్త్రీ మాత్రం మీరే చేసుకోవాలి, రోజూ."

గార తీశాక డాక్టరమ్మ బొమ్మ దవడ మీద చూపించింది. మెత్తటి బ్రష్షు, పన్నూ చిగురూ కలిసేచోట కాస్త వాల్చి పెట్టాలి, చిన్నచిన్నగా కదపాలి. పళ్ళ సందుల్లో ప్రత్యేకం అందుకే చేసిన దారం పోనివ్వాలి. "రక్తం వస్తోందని వదిలెయ్యకండి. తోమాల్సింది ముఖ్యంగా అక్కడే. మెల్లగా. కొన్నాళ్ళలో తగ్గుతుంది. దారాలు కొరకడం మాత్రం మానండి, పళ్ళు అరుగుతాయి."

మర్నాడు పొద్దున తోముకుంటే తొట్టి ఎర్రబడింది. వెనక నుంచి తల్లి చూడనే చూసింది. "ముట్టుకోకే, ముదురుతుంది" అంది బెదిరిపోయి. ఒక చెవిలో డాక్టరమ్మ, ఇంకో చెవిలో అమ్మ. పళ్ళు తోముకోవడానికి కూడా పంటి బిగువు కావలసివచ్చింది కాజాలక్కకి. ఇక దారం సంగతైతే చెప్పనే అక్కర్లేదు. దారం పట్టడంలో తనని మించినవాళ్ళు లేరనుకుని, ముడి బిగించినట్టు లాగింది. చిగురు కోసుకుంది. అప్పుడు బుద్ధొచ్చి, కాజా మూల తిప్పేటప్పటిలా చెయ్యి వదులు చేసి, పంటి వొంపు వెంటే దారాన్ని జార్చడం నేర్చుకుంది. రోజూ భయపడుతూనే చేసింది. రక్తం రోజూ కాస్త కాస్త తగ్గింది.

ఒక పొద్దున ఉమ్మితే తెల్లటి నురగ. వెలుతురు చాలలేదేమోనని అద్దం పట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది. పెదవి పైకెత్తి చూసుకుంది. ఉబ్బి, కందిపోయి వేలాడిన అంచు ఏదీ? సన్నగా, లేత గులాబీరంగులో, ఒక్కో పంటి చుట్టూ ఒక్కో వొంపు తిరిగి, కొలత తీసి కుట్టినట్టు అమరిపోయి ఉంది. ఆవిడ కుట్టుపనివాళ్ళ కంటితో వెతికింది. కుట్టు ఎక్కడా కనబడలేదు. తను నిద్రపోతుండగా, కాజాలు వేస్తుండగా, మాస్టరుతో వాదులాడుతుండగా ఎవరు చేశారు ఈ పని? మురికి తీసి దారి ఇచ్చిందంతే తను. మిగతాదంతా ఆ చిగురే చేసుకుంది. మొక్కకీ నోటికీ చిగురని ఒకే మాట పెట్టినవాడెవడో గానీ, చూసే పెట్టాడనిపించింది.

డాక్టరమ్మ మళ్ళీ కొలిచి చూసి, "రక్తం లేదు. ఇలాగే చేస్తుండండి, మానేస్తే మళ్ళీ మొదలవుతుంది" అంది. కాజాలక్క మెట్లు దిగుతూ ఏడ్చింది. ఆనందమే.

ఇంటికొస్తే తల్లి "ఏదీ, చూపించు" అంది. కూతుర్ని కిటికీ దగ్గర నిలబెట్టి, గడ్డం పట్టుకుని, చాలాసేపు చూసింది. వేలితో చిగురు మీద మెల్లగా రాసి, వేలు వెలుతురులో పెట్టుకుని చూసింది. ఏమీ అంటలేదు.

"అయితే వంశం కాదన్నమాట" అంది.

కూతురు తల్లి వేలిని తన కొంగుతో తుడిచింది.

"నేను ఆ రక్తం చూసి పొమ్మంటోందనుకున్నానే. రమ్మని పిలిచిందా అది?" తల్లి గొంతులో కోపం లేదు, వింతే ఉంది. పెదవి కిందికి లాగి చూపించి, "కిందవి ఉన్నాయిగా. వాటికి చెయ్యి" అంది.

"నీవి కదిలాయమ్మా. రేపు డాక్టరమ్మకి చూపిద్దాం. నిలిచినన్నాళ్ళు నిలుస్తాయి."

"రేపు చూపిద్దువులే. ఇప్పుడు చెయ్యి."

కాజాలక్క తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, కొత్త బ్రష్షు తడిపి, మిగిలిన నాలుగు పళ్ళ మొదట్లో వాల్చి పెట్టింది. వెంటనే నురగ ఎర్రబడింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

తల్లి ఆ చేతిని పట్టుకుంది.

"ఆపకు" అంది.