పుట్టినప్పుడు రాసిన మాట

ఆ మేడమ్‌ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బూతులు తిట్టినవాళ్లను నేను తొందరగానే మర్చిపోతాను. మర్యాదగా నవ్వుతూ మనిషి పరువు తీసేవాళ్లను మర్చిపోలేను.

ఓర్వకల్లు దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో రెండు రోజుల అవగాహన తరగతులు పెట్టారు. చర్చిల నుంచి, మహిళా సంఘాల నుంచి ఆడవాళ్లు వచ్చారు. మాలాంటి ట్రాన్స్ మనుషులనూ కొందరిని పిలిచారు. నేను ట్రాన్స్ స్త్రీని. కర్నూలులో బట్టలు కుడతాను. రాజంపేట నుంచి నా స్నేహితుడు వచ్చాడు. అతను ట్రాన్స్ పురుషుడు. గడ్డం ఉంటుంది, బైకులు రిపేరు చేస్తాడు. అతని సంగతి ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పబోమని నిర్వాహకులు మాటిచ్చాకే వాళ్లకు చెప్పుకున్నాడు.

తరగతులు చెప్పడానికి నిర్వాహకులు పిలిపించిన మేడమ్ హైదరాబాదు నుంచి వచ్చింది. "ఆడ, మగ అనేవి పాత మాటలు. పుట్టినప్పుడు స్త్రీగా నమోదైనవారు, పురుషుడిగా నమోదైనవారు అనాలి" అని పొద్దున్నే పాఠం చెప్పింది. సాయంత్రం గదులు పంచేటప్పుడు ఆ పాఠాన్నే అమలు చేసింది. నన్ను మగవాళ్ల గదిలో వేసింది, అతన్ని ఆడవాళ్ల గదికి పంపింది. గోడ పాతదే, సున్నం మాత్రం కొత్తది.

అతను సంచి పట్టుకుని వరండాలో నిలబడిపోయాడు. గదిలోంచి ఒకామె బయటికొచ్చింది. ఆమెదీ రాజంపేటే. తన స్కూటరు అతని దగ్గరే బాగుచేయించుకుంటుంది.

"ఏమప్పా, నువ్వీడ? ఇది ఆడోళ్ల రూము గదా. మగోళ్లది ఆ పక్కనుండాది, పో."

"సరేక్కా" అని అతను వెనక్కి తిరిగాడు. అంతటితో పోయేది. మేడమ్ వెనకాలే వచ్చి, "లేదమ్మా, ఈయన పుట్టినప్పుడు స్త్రీగా నమోదైన వ్యక్తి. మీ గదే" అంది. గొంతులో ఎంత గౌరవమో!

ఆమె అతని గడ్డం వైపు, చొక్కా వైపు చూసింది. "అంటే... నువ్వు ఆడపిల్లవా?" అంది. లోపలున్నవాళ్లంతా చూడ్డానికి లేచి వచ్చారు.

నేను ఊరుకోలేకపోయాను. "పుట్టినప్పుడు డాక్టరు ఏం రాసినాడో చెప్పే మాట అది. ఇప్పుడు మనిషెవరో చెప్పేది కాదు. అవసరమైన చోట ఆయప్పే చెప్పుకుంటాడు. నువ్వెవరు చెప్పేదానికి?"

"నేను సరైన పదమే వాడాను కదండీ" అంది మేడమ్. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. అంత చదువుకుని అంత మొద్దుగా ఉండగలగడం కూడా ఒక విద్యే.

"పోదాం పాక్కా" అన్నాడతను. రోడ్డు దాకా నడిచి బస్సెక్కాం. కర్నూలు వచ్చేదాకా అతను కిటికీలోంచి రాళ్ల గుట్టలనే చూస్తూ కూర్చున్నాడు.

కబురు అతనికంటే ముందే రాజంపేట చేరింది. బండి లేకుండానే జనం షాపుకొచ్చి చూసిపోయారు. కుర్రాళ్లు "ఏమ్మా" అని పిలిచి నవ్వారు. స్కూటరామె మళ్లీ ఆ వైపే రాలేదు. చివరికి షాపు గది ఓనరు వచ్చాడు. "నీతో మాకేం గొడవ లేదప్పా. రూము మాత్రం ఖాళీ చెయ్" అన్నాడు.

అతను పానాలు సర్దుకుని కడపకు మారాడు. సొంత షాపు నడిపిన మనిషి ఇప్పుడు ఇంకొకరి షెడ్డులో పనిచేస్తున్నాడు. ఎట్లుండావని అడిగితే "బాగుండాను లే" అంటాడు. నా ప్రశ్న పూర్తి కాకముందే అంటాడు.

మేడమ్ నా ఫోనుకు క్షమాపణ పంపింది. "పుట్టినప్పుడు స్త్రీగా నమోదైన మీ మిత్రుడికి బాధ కలిగి ఉంటే" అని మొదలైంది. మిగతాది చదవలేదు, అతనికి చూపించనూ లేదు.

ఆమె ఇంకా తరగతులు చెబుతూనే ఉంది. మొన్న కడపలో పెడుతూ నన్ను కూడా పిలిచింది. పనుండాది, రానన్నాను. ఆ రోజంతా ఖాళీగానే కూర్చున్నాను.