ప్రెస్సు చాచా సగం రాసిన ఫిర్యాదు

మా ప్రెస్సు చాచా మొన్న శుక్రవారం పొద్దున దవాఖానలో కన్నుమూశారు. బతుకంతా అచ్చుకు పేజీలు కట్టిన మనిషి. మీకు ఆయన తెలియకపోవచ్చు. కానీ కంప్యూటరులో పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్నెలా వాడాలో చెప్పే తెలుగు సహాయపేజీలు చదివి మీరెక్కడా తడబడలేదంటే, అందులో ఆయన చెయ్యి ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. తప్పు కనిపిస్తే ఎవరైనా ఫిర్యాదు రాయొచ్చు, దిద్ది పంపొచ్చు. అందుకే దానిమీద మనసు పడ్డాను. కౌలురైతుల కోసం మా సంఘం వేసే తొలి కరపత్రాన్ని సహాయపేజీ చూసుకుంటూ నేనే కట్టి ప్రింటుకిచ్చాను. అక్షరాల చోట అన్నీ ఖాళీ డబ్బాలే వచ్చాయి. ప్రింటుకిచ్చే ఫైల్లో అక్షరాల ఫాంటు కూడా కలపాలన్న మాట ఆ పేజీలో లేనేలేదు! "ప్రజల భాషంటే మీకింత చులకనా?" అని పేజీన్నర రాసి పంపాను. ఆ పేజీలు చూసుకునే వాలంటీరు ఒక్క ముక్కే జవాబిచ్చాడు: ఏ వర్షన్ వాడారు, ఏం నొక్కారు?

ఖిలా వరంగల్‌లో చాచా ఇంటికి పోయి ఆ జవాబు చూపిస్తే పడీపడీ నవ్వారు.

"అరె బేటా, గాయిన నీ ఆవేశం అడగలే, వర్షన్ అడిగిండు."

"వాళ్లకు పొగరు చాచా!"

"పొగరు గాదు. గాయిన గూడ జీతం లేకుంట చేస్తాండు. నువ్వేం జేసినవ్, ఏమొచ్చింది, ఏం రావాలె, గంతే రాయి. తిట్లు ఇంటికాడ పెట్టుకో, మళ్ల పనికొస్తయ్."

అలాగే రాశాం. పేజీలో లేని ఆ ఫాంటు మాటను చాచాయే రాసిచ్చారు. పంపేముందు పక్కింటి టైలరన్నను పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. టైలరన్న పేజీ చదువుతూ చేస్తుంటే నేను నోరు విప్పకూడదట. రెండో వాక్యం దగ్గర ఆయన ఆగిపోయాడు. చెప్పబోతే చాచా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇంటింటికి పోయి చెప్తవా? పేజీనే చెప్పాలె."

ఆ వాక్యాన్ని నాలుగుసార్లు మార్చాం. మా దిద్దుబాటు పేజీకెక్కిన రోజు నేను గంతులేశాను. చాచా తర్వాతి పేజీ తెరిచారు.

ఆదివారం చాచీ రమ్మంటే వెళ్లాను. కంప్యూటరులో ఒక ఫిర్యాదు సగంలో ఉంది. పేజీ నంబర్లు వేయడం గురించి సహాయపేజీ చెప్పే విధానంలో తప్పు. ఏం చేశారో, ఏమొచ్చిందో రాశారు. ఏం రావాలో రాయలేదు. అలాగే వదిలేస్తే ఆ తప్పు ఇంకెందరి కరపత్రాలను పాడు చేస్తుందో! ఊహించి రాయడానికి చెయ్యి రాలేదు. ఆయన చేసిందంతా మొదటినుంచి చేసి చూసి, ఏం రావాలో ఒక్క వాక్యం చేర్చి, ఆయన పేరుతోనే పంపాను.

నిన్న జవాబొచ్చింది. చాచీకి చదివి వినిపించాను: "సరిచేశాం. ఇంత స్పష్టంగా రాసినందుకు కృతజ్ఞతలు."

"ఆయనకే రాసిండ్రా?"

"ఆయనకే చాచీ."

"పోయిండని చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఇంకో రెండు దినాలు గట్లనే ఉండనియ్."

చాచీకి చదవడం రాదు. తెరమీద ఆయన పేరు ఎక్కడుందో అడిగారు. చూపించాను. అక్కడ వేలు ఆనించారు.