బావ గీసిన అక్షరాలు

మా బావ ఒక పాత కంప్యూటర్‌కు తెలుగు నేర్పిన మనిషి. గళ్ల కాగితాల మీద ఒక్కో అక్షరాన్నీ చుక్కలుగా గీసి, ఆ చుక్కల్ని చిప్పులోకి ఎక్కించి, తెర మీద అఆలు వచ్చేలా చేశాడు. ఒత్తులకు మాత్రం అందులో చోటు చాల్లేదు. ఆ కాగితాల్ని ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలిందల్లా ఆ చిప్పే.

పక్షవాతం వచ్చి లేచాక, పేపర్లో అక్షరాలు అలుక్కుపోతున్నాయని, చదువు మర్చిపోతున్నానేమోనని ఆయనకు భయం పట్టుకుంది. "నా అక్షరాలైతే నేను మరిసిపోను పిల్లా. ఒకసారి సూపించు" అని నా వెంటపడ్డాడు. నేను తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తాను. వడమాలపేటలో అక్క వాళ్లింటికి పోయినప్పుడల్లా ఇదే గొడవ. "ఒత్తులు గూడా పట్టేటట్టు జెయ్యి" అని పైన కొసరు! మరదలంటే అంత అలుసు.

సరే, మొదలుపెట్టాను. పాత చిప్పుకు ఇరవై నాలుగు కాళ్లు, ఇప్పుడు దొరికే పెద్ద చిప్పుకు ఇరవై ఎనిమిది. అందుకని మధ్యలో ఒక చిన్న అడాప్టర్ కావాలి. కింద పాత సాకెట్లోకి దిగే పిన్నులు, పైన కొత్త చిప్పుకు చోటు, ఏ కాలు ఏ కాలికి పోవాలో కలిపే సన్నటి తీగలు. టంకం వేస్తూ వేళ్లు కాల్చుకున్నాను, బావను నోరారా తిట్టుకున్నాను. పాత చిప్పులోది కొత్తదాంట్లోకి కాపీ చేస్తే, రెండూ ఒకటేనని ల్యాబులో చిప్పులు రాసే మిషన్ చెప్పింది. లోపల ఏముందో చూడాలన్న బుద్ధి పుడితేనా!

ఆదివారం అక్క వాళ్లింటికి పోయి, బావ పాత కంప్యూటర్లో బిగించాను. బావ ఉతికిన చొక్కా వేసుకుని కూర్చుని మీట నొక్కాడు. తెల్లటి డబ్బా వచ్చింది. ఇంకోటి నొక్కితే ఇంకో డబ్బా. ఏది నొక్కినా అదే. తీగలన్నీ మళ్లీ చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వంటింట్లోకి పోయి, నాకు ఇవ్వకముందు ఆ పాత చిప్పును ఏమైనా చేశావా అని అక్కను అడిగాను.

"నేనేం జేస్తానే? ఆయుధపూజకు తుడిసినా. గాజు మింద కాయితం మాసిపోయుంటే పీకేసి, పక్కన బొట్టు బెట్టినా. చెదలు పట్టకుండా వానలు దిగేదాకా మిద్దె మింద ఎండబెట్టినా."

చిప్పు నడుమ ఉండే ఆ గాజులోంచి ఎండ పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది. పడకుండా అంటించిందే ఆ కాగితం. నేను కాపీ చేసింది ఉత్త ఖాళీని. నోరు ఆపుకోలేక చెప్పేశాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆయనకు చెప్పొద్దే, నీకు దండం పెడతా. ఇంగోసారి పడిపోతాడు."

మేం ముందు గదిలోకి వచ్చేసరికి బావ ఇంకా నొక్కుతూనే ఉన్నాడు.

"ఏమే, నీకు అక్షరాలు కనపడతా ఉండాయా?" అని అక్కను అడిగాడు.

"ఓ! ముత్యాల మాదిరి ఉండాయి" అంది అక్క.

బావ మీటల మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇంక నావల్ల కాలేదు. "లేదు బావా, నాకూ డబ్బాలే కనపడతా ఉండాయి. చిప్పులో అంతా చెరిగిపోయింది. నీకేం కాలేదు, నీ సదువు యాడికీ పోలేదు" అని ఏడుస్తూ చెప్పాను. నువ్వైనా చెప్పవే అన్నట్టు అక్క వైపు చూశాను. ఆమె బావ వెనక నిలబడి నాకు దండం పెట్టింది.

బావ నా తల నిమిరాడు. "ఊరుకో పిల్లా. నా కోసరం నువ్వు అబద్ధాలు చెప్పబాక. మీ అక్క ఇన్నేండ్లు కాపరం జేసింది, ఒక్కనాడు గూడా నాకు అబద్ధం చెప్పలేదు."