మా పక్కింటి అత్త టచ్ ఫోను

మా పక్కింటి అత్త పోయింది. ఆ కబురు ఆమె ఫోను నుంచే వచ్చింది. పొద్దున్నే తెర మీద ఆమె ఫోటో కనిపిస్తే, తిట్లు వినడానికి సిద్ధపడే ఎత్తాను. మాట్లాడింది అత్త కాదు, ఆమె అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు, మేమంతా బౌది అని పిలిచే బెంగాలీ ఆవిడ. ఎంత లేపినా లేవడం లేదనీ, ఒళ్ళు చల్లబడిపోయిందనీ చెప్పింది. ఫోను తాళం తీయకుండానే నాకు చేసే వీలు అందులో పెట్టింది నేనే. ఆపదలో పనికొస్తుందనుకున్నాను. పనికొచ్చింది, ఏం లాభం.

కలకత్తా పక్కన లిలువా రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పుడు మా ఇంటికీ వాళ్ళింటికీ గోడ ఒకటే. మా నాన్నా, ఆమె భర్తా ఒకే వర్క్‌షాపులో పనిచేశారు. చుట్టరికం ఏమీ లేదు, ఊహ తెలిసినప్పటి నుంచీ అత్త అంతే. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. అలా చెబితే మీకు మా అత్త కాక ఇంకెవరో కనిపిస్తారు. ఆమె నోరు చెడ్డది. నేను పదో తరగతి తప్పినరోజు మా అమ్మతో, "పీడా పోయింది, ఇంక ఈ గుంటకి పుస్తకాలు కొనక్కర్నేదు" అంది. మా అమ్మ మంచాన పడ్డప్పుడు పూటపూటా అన్నం వండి తెచ్చిందీ ఆమే. తెచ్చిన ప్రతిసారీ తిట్టింది. తిట్టు వెనక ప్రేమ ఉందని నేను చెప్పను, చాలాసార్లు వెనక కూడా తిట్టే ఉండేది. కానీ ఆ అన్నం తినే మేం నిలబడ్డాం.

పలాస దగ్గర పల్లెలో ఆమెకి ఒక పెద్దన్న ఉండేవాడు. పోయినేడు పక్షవాతం వచ్చి ఆయనకి మాట పడిపోయింది. అత్త దగ్గరున్నది బొత్తాల ఫోను. మోకాళ్ళు పాడై, వీధి మెట్లే దిగలేని మనిషి రైలెక్కి వెళ్ళేది లేదు.

"మాట నేకపోతే మానె. మొకం ఉంది కదా. మొకం సూపించే ఫోను తే" అంది.

తెచ్చాను. అక్కర్లేనివన్నీ తీసేసి, తెర మీద ఫోను, వాట్సాప్, టార్చి మాత్రం మిగిల్చాను. ఆమెకి ఏ భాషా చదవడం రాదు కనక ప్రతి నంబరుకీ ఒక బొమ్మ పెడదామన్నాను. మనుషుల ఫోటోలు వద్దంది. బౌదికి గుమ్మడికాయ, డాక్టరుకి దున్నపోతు, నాకు కోతి, అన్న కోడలికి కాకి పెట్టించింది. ఆ ఇంట్లో వీడియో ఫోను కోడలి చేతిలోనే ఉంది, అన్నని చూడాలంటే కాకిని నొక్కాలి.

తాళానికి వేలిముద్ర పెట్టబోతే పట్టలేదు. ఏళ్ళ తరబడి బూడిదతో గిన్నెలు తోమి బొటనవేలు అరిగిపోయింది. "ఈ ఏలు నీ ఫోనుక్కూడా పనికి రాదేటి?" అంది. అంకెలు తెలుసు కాబట్టి నంబరు పెట్టుకోమని నేను మొహం తిప్పుకున్నాను. బ్యాంకువాళ్ళమన్నా, పోలీసులమన్నా ఆ నంబరు ఎవరికీ చెప్పొద్దన్నాను.

"నా మొగుడికే ఏ మాటా సెప్పనేదు, ఆల్లకి సెప్తానేటి?"

తర్వాత ఎవడో ఫోన్ చేసి కరెంటు పీకేస్తామని హిందీలో బెదిరించాడట. అత్త తెలుగు తిట్లతో మొదలుపెట్టి బెంగాలీలోకి దిగేసరికి వాడే పెట్టేశాడని బౌది పడిపడి నవ్వింది. తెలియని నంబర్లు ఎత్తొద్దని నేనంటే, "ఎందుకెత్తను? ఇంకా సగమే తిట్టినాను" అంది.

ఇక కాకి సంగతి. ఆ అమ్మాయి పెళ్ళిలో, పీటల మీద ఉండగానే, పదిమందీ వింటుండగా మా అత్త "ఈ బొగ్గుముక్కనెక్కడ తెచ్చినార్రా" అంది. ఆ తర్వాత ఆ ఇంటికి ఆమెకి పిలుపు రాలేదు. ఇప్పుడు అత్త ఫోన్ చేస్తే ఆ అమ్మాయి కెమెరా పైకప్పుకి తిప్పి, "మామయ్య నిద్దరోతన్నారు" అనేది. ఎప్పుడు చేసినా నిద్రే. నిద్రపోతున్నవాడినే చూపించమంటే కట్ చేసేది.

అత్త ఎవరినైనా బతిమాలడం నేను చూడలేదు. దుర్గాపూజ పందిళ్ళు వేస్తున్న రోజుల్లో చూశాను.

"ఓలమ్మా, నాను అనకూడని మాటన్నాను. నువ్వు బంగారానివి. ఒక్కపాలి మా అన్నని సూపించమ్మా."

"బొగ్గుముక్క సేతిలో ఉంది ఫోను. మసి అంటుకుంటాది, సూసుకో అత్తా" అంది ఆ అమ్మాయి. ఆ మాట అన్నాకే లేచి పక్కగదిలోకి నడిచింది.

నేను అత్త పక్కనే ఉన్నాను. మంచం కోడు కనిపించింది, దుప్పటి అంచు కనిపించింది. ఫోను కాస్త పైకెత్తితే ముఖం. అంతలో అత్త అరిచింది.

"ఆగాగు. ముందు కాళ్ళు సూపు."

పెద్దన్న కదా, దండం పెట్టకుండా ముఖం చూడదు. పెద్దవాళ్ళ పాదాలు ముట్టి, ఆ చెయ్యి తలకి రాసుకోవడం ఇక్కడ పుట్టి పెరిగిన మాకు నడకంత అలవాటు. కోడలు దుప్పటి తీసింది. ఎండిపోయిన పాదాలు, పెరిగిపోయిన గోళ్ళు. అత్త తల మీదికి కొంగు లాక్కుని, కళ్ళు మూసుకుని, వంగి ఆ పాదాలు ముట్టుకుంది. తెర అడుగున ఫోను కట్ చేసే ఎర్ర బొత్తం సరిగ్గా అక్కడే ఉంది. చెయ్యి తలకి రాసుకుని కళ్ళు తెరిచేసరికి ఫోను కట్టయిపోయింది.

మళ్ళీ మళ్ళీ నొక్కాం, ఎత్తలేదు. కాసేపటికి ఆ అమ్మాయి గొంతుతో సందేశం వచ్చింది. "కాళ్ళు సూసి అసయ్యమేసిందేటి, టపీమని కట్టేసినావు? ఆ కాళ్ళు రోజూ కడుగుతున్నది నాను. ఇంక నాకు ఫోన్ సెయ్యకు." నా ఫోను నుంచి చేసి జరిగింది చెప్పబోతే, మీ కలకత్తా కబుర్లు నాకొద్దని పెట్టేసింది. అత్త నంబరు బ్లాక్ చేసింది.

దీపావళి వెళ్ళాక అన్న పోయాడు. ఆరోజు బ్లాక్ తీసినట్టుంది, మళ్ళీ కాకి బొమ్మ వెలిగింది. ఒక ఫోటో, కింద ఆ అమ్మాయి గొంతు: "ఇప్పుడు నీకు కావలసినంతసేపు సూసుకో అత్తా."

నేను మండిపడి ఆ అమ్మాయిని ఏదో అనబోయాను. అత్త ఊరుకోలేదు. "దాన్నేటనకు. నా నోరే దానికంటుకుంది" అంది. ఆమె ఒక మనిషిని వెనకేసుకురావడం నేను విన్నది అప్పుడే. నేను ఆమె దగ్గర నేర్చుకున్నది ఏమైనా ఉంటే ఆ ఒక్క మాటే.

కనపడ్డ చెత్తంతా ఫోనులోకి దిగకుండా, ఫోటోలు వాటంతటవి తెరుచుకోకుండా ఆపి ఉంచాను. మధ్యలో ఉన్న బాణం గుర్తు నొక్కేవరకూ ఏ ఫోటో అయినా మసగ్గానే ఉంటుంది.

"ఇది నొక్కితే అన్న అవుపడతాడేటి?"

"కనబడతాడత్తా. దండ వేసి ఉంటారు."

నొక్కబోతే చెయ్యి మీద చెళ్ళున కొట్టింది. "ఒగ్గెయ్. నొక్కనంతకాలం మా అన్న సగమే సచ్చినాడు."

అప్పటినుంచి నేనెప్పుడు వెళ్ళినా కిటికీ దగ్గర ఆ ఫోటో ముందేసుకునే ఉండేది. దండ ఉన్నచోట తెల్లటి మచ్చ, దాని మీద ముఖం ఉండాల్సినచోట మట్టిరంగు మచ్చ. చూపు ఆనక ఫోనుని వెలుతురుకేసి తిప్పేది. కొంగుతో అద్దం తుడిచి, కళ్ళు చికిలించి మళ్ళీ చూసేది. బొటనవేలు మాత్రం ఆ బాణానికి తగలకుండా పైకెత్తి పట్టుకునేది.