ఫ్రేహా నోరు జారిన షబ్బాత్

సఫేద్ అనే కొండ ఊళ్ళో ఫ్రేహా ఒహానా కుట్టుపని దుకాణం తెలియని ఆడవాళ్ళు లేరు. నలభై ఏళ్ళుగా ఆ ఊరి పెళ్ళికూతుళ్ళ గౌన్లన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్ళాయి. నడుము కొలత తీస్తూ ఆమె విసిరే మాటలకు పెళ్ళికూతుళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవారు. భర్త మఖ్లూఫ్ పోయాక కూడా ఆ నోరు ఆగలేదు. కానీ ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు గోడ వైపు చూస్తూ కూర్చునేది. అది గమనించి కూతురే ఆమెను షిఫ్రా ఇంటికి పంపింది.

ఊరి బయట ఆలివ్ తోటల మధ్య షిఫ్రాది పాత రాతి ఇల్లు. నెలకోసారి పదిహేను మందిని పిలిచి, శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం ముగిసే యూదుల విశ్రాంతి దినం షబ్బాత్‌ను అక్కడే గడిపించేది. ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చోవడం, మాటల్లేని రాగాలు పాడటం, అదే పని.

"సంతోషం దానంతటది రాదు ఫ్రేహా. పిండి పిసికినట్టు రోజూ పిసకాలి," అంది షిఫ్రా.

"అరవై ఏళ్ళుగా పిసుకుతున్నా తల్లీ, నా పిండి పొంగితేగా!"

అందరూ నవ్వారు. అలా నవ్వించాక ఇంకెవరూ ఆమెను ఏమీ అడగరు.

శుక్రవారం మధ్యాహ్నం, దీపాలు వెలిగించే ముందు, ఎవరికి వారు తోటలోకి వెళ్ళి దేవుడితో పైకే మాట్లాడాలి, దగ్గరి స్నేహితుడితో మాట్లాడినట్టు. ఫ్రేహా ఒక రాతి గోడ పక్కన కూర్చుంది. ఒక్క మాట పెగల్లేదు. అంతలో గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. అది హద్వా గొంతు. కర్మియేల్‌లో చిన్నపిల్లల బడి టీచరు, నలభై ఎనిమిదేళ్ళది, పెళ్ళి కాలేదు, పొద్దున వచ్చినప్పటి నుంచి నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు.

"ఐదేళ్ళ కింద కొన్నాను ఆ పెళ్ళి గౌను. నన్ను చేసుకుంటానని ఎవరూ అడగకుండానే కొన్నాను. శుక్రవారం సాయంత్రం తలుపు గడియ పెట్టి వేసుకుంటాను. నీకు తప్ప ఎవరికి చెప్పను? నాకేమైనా పిచ్చా?"

లేచి వెళ్ళిపోవాల్సింది. ఫ్రేహా వెళ్ళలేదు. చివరిదాకా విన్నది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, కారం చేప గిన్నె చేతులు మారుతుండగా, ఎవరో అన్నారు, "ఫ్రేహా, పెళ్ళికూతుళ్ళ ముచ్చట ఒకటి చెప్పవా!"

నాలుక తనంతట తానే లేచింది. "ఏం ముచ్చట్లు నా తల్లుల్లారా! ఇప్పుడు పెళ్ళికొడుకు లేకుండానే గౌను కొనేస్తున్నారు. శుక్రవారం శుక్రవారం వేసుకుని అద్దానికి చూపిస్తారట. అద్దమైతే కాదనదు కదా!"

బల్లంతా ఘొల్లుమంది. హద్వా ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోర్కు పళ్ళెం పక్కన పెట్టి, "నాకు చాలు," అని మేడ మీదికి వెళ్ళిపోయింది. నవ్వులు సగంలో తెగిపోయాయి. ఎవరి గురించో ఇక ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. షిఫ్రా ఫ్రేహా వైపు చూసింది. ఫ్రేహాకు చెవుల దాకా మండిపోయింది.  చిన్నప్పుడు నేర్పిన పాఠాల్లో, పదిమందిలో మనిషి ముఖం తెల్లబోయేలా చేయడం కంటే పెద్ద తప్పేదీ ఆమెకు గుర్తుకు రాలేదు.

మర్నాడు పొద్దున అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. "మీలో ఒక్క మంచి చుక్క వెతకండి. ఎంత చిన్నదైనా సరే. దాన్ని చూసి సంతోషించండి," అంది షిఫ్రా. ఫ్రేహా వెతికింది. ఎక్కడ వెతికినా హద్వా ముఖమే.

మధ్యాహ్నం హద్వా మెట్ల మీద ఒంటరిగా కనిపించింది.

"హద్వా, తప్పయిపోయింది. దాక్కుని విన్నది నేనేనని అందరి ముందూ ఒప్పుకుంటాను."

"మళ్ళీ అందరి ముందా? నా గౌను ఇంకోసారి బల్ల మీద పరుస్తావా?"

ఏదో చమత్కారం నాలుక చివరికొచ్చింది. ఫ్రేహా పళ్ళు బిగించి మింగేసింది. 

"నా మాటలు నువ్వు విన్నావు. నీవి నేను వినలేదు," అంది హద్వా. "రా. ఆ గోడ దగ్గర కూర్చుని దేవుడితో మాట్లాడు. నేను అవతల కూర్చుంటా."

ఫ్రేహా గోడ ఇవతల కూర్చుంది. తర్వాత చెప్పింది. "మఖ్లూఫ్ పోయిన పూట నేను గదిలో లేను. ఆస్పత్రి వరండాలో నర్సులను నవ్విస్తున్నాను. రెండుసార్లు పిలిచాడు. వినిపించింది. ఆ ముఖం చూడలేక వెళ్ళలేదు. నిద్రలో పోయాడని పిల్లలకు చెప్పాను."



"దీన్ని నేను బల్ల దగ్గర చెప్పను," అంది గోడ అవతల నుంచి హద్వా. "అలాగని నిన్ను క్షమించాననుకోకు. ఇంకా మండుతూనే ఉంది."

"మండనీ," అంది ఫ్రేహా.

పొద్దు వాలుతుండగా, షబ్బాత్ ముగిసే ముందు తినే మూడో భోజనానికి కూర్చుని రాగం ఎత్తుకున్నారు. ఫ్రేహా పెదవులు కదలలేదు. పక్కనున్న షిఫ్రా చెవిలో అడిగింది, "నాకు ఇవాళ సంతోషించే హక్కుందా?"

"హక్కు సంగతి ఎవరడిగారు? పాడు."

పాడింది. గొంతు గీరుకుపోయింది. మూడో చుట్టుకి గుండెలో ఏదో కాస్త వదులైంది. అలా వదులైనందుకు కూడా సిగ్గేసింది. అయినా పాట ఆపలేదు.

తర్వాతి రెండు నెలలూ హద్వా రాలేదు. ఫ్రేహా వెళ్ళింది, తోటలో కూర్చుని మఖ్లూఫ్ సంగతే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. పిల్లలకు కూడా నిజం చెప్పింది. కొడుకు వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో నెల హద్వా వచ్చింది. భోజనాల దగ్గర ఇంకా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా, ఫ్రేహా పక్కన కూర్చుంది.

"ఆ వంకాయ ఇటివ్వు," అంది.

ఫ్రేహా గిన్నె అందించింది.