నమలడాలు లెక్కపెట్టే డెల్బర్ట్

డెల్బర్ట్ స్టూర్ ఎదురుగా కూర్చుని ఏ మనిషీ ప్రశాంతంగా భోంచెయ్యలేడు. ఆయన నమలడాలు లెక్కపెడతాడు. పశువులవే కాదు, మనుషులవి కూడా. మెడలో బూటు తాడుకి కట్టిన స్టాప్‌వాచ్ ఒకటి ఎప్పుడూ వేలాడుతుంటుంది. మీరు ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన కళ్ళు మీ దవడ మీదికి వెళ్తాయి. మింగగానే అంకె బయటికొస్తుంది.

ఓసారి ట్రూడీ హోటల్లో పాస్టర్ గారు చిల్లీ అనే మాంసం కూరలో సినమన్ రోల్, అంటే దాల్చినచెక్క తీపిరొట్టె, ముంచుకుని హాయిగా తింటున్నారు.

"పదకొండు," అన్నాడు డెల్బర్ట్ పక్క బల్ల నుంచి.

"ఏమిటయ్యా పదకొండు?"

"ఆ ముద్దకి మీరు నమిలింది. మా కోడెలు యాభైకి తక్కువైతే మింగవు."

"వాటికి ఆదివారం ప్రసంగం రాసుకునే పని లేదు కదయ్యా!"

"గుండెల్లో మంటా లేదు," అన్నాడు డెల్బర్ట్. పాస్టర్ గారు అప్పుడే బయటికి తీసిన మంట మాత్రని మెల్లగా జేబులో వేసేసుకున్నారు.

మేనకోడలి పెళ్ళిలో పెళ్ళికొడుకు కేకు ముక్క మింగగానే, "ఆరు! తొందర మనిషమ్మా, చూసుకో," అని అందరి ముందూ అనేశాడు. కాపురం బంగారంలా ఉంది. కానీ ఆ కుర్రాడు ఇప్పటికీ ఈయన కనిపిస్తే నోట్లో ఉన్నది గుటుక్కున మింగేస్తాడు.

మాది నెబ్రాస్కాలో, ప్లాట్ నది ఒడ్డున నాలుగు వేల కోడెల్ని కండ పట్టేదాకా మేపే ఫారం, లోపల వరసగా దొడ్లు. నేను మేత లారీ తోలేదాన్ని. డెల్బర్ట్ పని తొట్టెలు చూడటం: ఏ దొడ్డి ఎంత తిన్నది, రేపు ఎంత పొయ్యాలి. మధ్యాహ్నం పశువులు పడుకుని నెమరు వేసే వేళకి ఆయన కంచె మీద మోచేతులు ఆనించి లెక్క మొదలుపెట్టేవాడు. ఆ సమయంలో తుపాను వస్తోందన్నా వినడు.

వానల్లేని ఏడాది ఎండుగడ్డి ధర ఆకాశానికి పోయింది. అప్పుడే కొత్త మేనేజర్ క్రెయిగ్ వచ్చాడు. తెలివైనవాడే, కానీ ఆ తెలివి మీద నమ్మకం కాస్త ఎక్కువ.

"ఇథనాల్ ఫ్యాక్టరీ నుంచి మొక్కజొన్న పిప్పి చవగ్గా వస్తోంది. అందులో పీచు బోలెడుంది. ఇంకా ఈ గడ్డీ చొప్పా ఎందుకండీ? తీసేద్దాం," అన్నాడు.

"పీచుంది. పిండిలాంటి పీచు," అన్నాడు డెల్బర్ట్. "కడుపుకి గీరుకోదు. గీరుకోకపోతే నెమరు లేదు. నెమరు లేకపోతే నోట్లో నీరూరదు. అది లోపలికి దిగకపోతే మనం పోసే మొక్కజొన్న గింజంతా కడుపులో పులిసి కూర్చుంటుంది."

"కంప్యూటర్ అలా అనడం లేదండీ."

"కంప్యూటర్ నమలదు బాబూ."

చివరికి పధ్నాలుగో దొడ్డిలో మాత్రం చొప్ప ఆపేసి చూద్దామన్నారు. అక్కడ నూట ఇరవై కోడెలు. మొదటివారం దివ్యంగా తిన్నాయి. క్రెయిగ్ ఈల వేసుకుంటూ తిరిగాడు. డెల్బర్ట్ మాత్రం రోజూ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఒక్క అంకె చెప్పి వెళ్ళేవాడు. "నలభై నాలుగు." "ముప్ఫై ఎనిమిది." "ముప్ఫై ఒకటి." ఎనిమిదో రోజు నాతో, "చొప్ప కాస్త బరకగా, వేలెడు ముక్కలుగా కొట్టించి పెట్టు మార్లా. కావాల్సొస్తుంది," అన్నాడు.

పదకొండో రోజు పొద్దున్న పధ్నాలుగో దొడ్డి తొట్టెలో మేత సగం అలాగే ఉంది. పేడ బూడిద రంగులో నురగలు కక్కుతోంది. రెండు కోడెలు కాళ్ళు నొప్పెట్టినట్టు ఆచితూచి అడుగేస్తున్నాయి. క్రెయిగ్ మొహం పాలిపోయింది.

"ఇప్పుడేం చేద్దామండీ?"

డెల్బర్ట్ ఎత్తిపొడవలేదు. "మార్లా లారీ సిద్ధంగా ఉంది. ముందు చొప్ప పొయ్యనీ. గింజ తగ్గించు. పిప్పి ఉంచు, అది మంచిదే, ఒంటరిగా మాత్రం పనికిరాదు," అన్నాడు. అయిదు రోజుల్లో నెమరు నలభై ఎనిమిదికి లేచింది. ఒక్క కోడె కూడా చావలేదు. ఆ తర్వాత క్రెయిగ్ ఏ మేత మార్చాలన్నా ముందు వచ్చి, "అంకెంతండీ?" అని అడిగేవాడు.

ఆ చలికాలమే మా ఆయన నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు. పని మానలేదు గానీ తిండి మానేశాను. మధ్యాహ్నం కాటా గదిలో శాండ్‌విచ్ ముందు పెట్టుకుని గోడ చూస్తూ కూర్చునేదాన్ని.

"నాలుగు," అంది గుమ్మంలోంచి గొంతు. మర్నాడు, "మూడు."

నాకు ఒళ్ళు మండింది. "నేను మీ కోడెని కాను! పొండి బయటికి!"

పోయాడు. మర్నాడు పన్నెండింటికి భోజనం డబ్బాతో వచ్చి, అడక్కుండా ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళావిడ చేసిన నూడుల్స్ కూర సగం నా వైపు తోశాడు. మంచు గురించి, ట్రాక్టర్ గురించి మాట్లాడుతూ నిదానంగా తిన్నాడు. అంకె చెప్పలేదు. ఆ మర్నాడూ వచ్చాడు. అలా మూడు నెలలు. నాకు తెలియకుండానే నేనూ తినడం మొదలుపెట్టాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం తలుపు దభాలున తెరుచుకుంది. డెల్బర్ట్ భార్య ఆర్లిస్.

"ఎవరితో కూర్చుని మా ఆయన ఇలా మేస్తున్నాడమ్మా?" అంది. "బెల్టుకి రెండు కొత్త చిల్లులు పొడిచాను. పదకొండింటికి ఇంటికొచ్చి కడుపునిండా తింటాడు. మళ్ళీ పనిలోకని డబ్బా కట్టించుకుంటాడు. ఇదేం ఆకలని డాక్టరు దగ్గరికి కూడా పంపాను!"

డెల్బర్ట్ కిటికీలోంచి చాలా శ్రద్ధగా బయటికి చూస్తున్నాడు.

"రెండుసార్లు తింటున్నారా?" అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పశువు ఒక్కటే ఉంటే సరిగ్గా నెమరు వెయ్యదు మార్లా. పక్కన ఇంకోటి పడుకోవాలి. ఇది అందరికీ తెలిసిందే," అని గొణిగాడు.

ఆర్లిస్ ఆయన్ని చూసింది. నన్ను చూసింది. బల్ల మీద రెండుగా పంచిన కూర చూసింది. ఆయన చేతిలోంచి చెంచా లాక్కుని, కుర్చీ దగ్గరికి ఈడ్చుకుంది.

"రేపట్నుంచి నీకు ఇంట్లోనే భోజనం," అంది ఆయనతో. నా వైపు తిరిగి, "కాస్త జరుగమ్మా. ఇక్కడికి నేనొస్తాను," అంది.