షోనాగ్ అమ్మ భాష

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో, స్కాట్లాండ్ పాత భాష గేలిక్ నేర్పే మా తరగతికి అందరికన్నా ముందు వచ్చేది షోనాగ్. డెబ్బై ఏళ్ళ మనిషి. తడి గొడుగు కుర్చీకి తగిలించి, పిప్పరమెంటు బిళ్ళ బుగ్గన పెట్టుకుని, ఒక్కో మాటనూ వేలితో తడుముతూ చదివేది. తల్లి పోయాక చిన్నప్పుడే, గేలిక్ మాట్లాడే తన దీవి నుంచి పట్నం చేరి, ఆ భాషే మరిచిపోయిందట. "మా అమ్మ మాటలకి నా నోరు తిరగట్లేదు బాబూ," అని మాస్టారు ఈవర్‌తో నవ్వేది.

ఒకరోజు ఈవర్ ఆ దీవిలో ఎప్పుడో రికార్డు చేసిన టేపు వినిపించాడు. ఎవరో ఆవిడ వెన్న చిలుకుతూ పాడుతోంది. ఉన్నట్టుండి పాట ఆపి కసిరింది: "షోనాగ్! పొయ్యి దగ్గర్నుంచి లేవవే, గౌను అంటుకుంటుంది!"

ఆ పేరు విని మేమంతా నవ్వాం. షోనాగ్ చటుక్కున లేచి నిలబడింది.

"లేచానమ్మా," అంది, ఒక్క తప్పూ లేని గేలిక్‌లో.

మా నవ్వు ఆగిపోయింది. టేపులో ఆవిడ మళ్ళీ పాట అందుకుంది. మేమూ ఒక్కొక్కరమే లేచి నిలబడ్డాం.